చెమ్మ గోడలోదా, గాలిలోదా?

నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ముసురుకి తలుపులు బిగించామా, బీరువా వెనక నల్లబూజు ఖాయం. వెంటనే పెయింటర్ని పిలవకండి. గోడ పొడిగా తుడిచి, అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో అంటించి 2 రోజులు ఉంచండి.

బొట్లు మనవైపు పడితే అది గదిలోని ఆవిరి: వంట, ఇంట్లో ఆరేసిన బట్టలు. బీరువాను 4 అంగుళాలు ముందుకు జరిపి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వంటయ్యాక కూడా 15 నిమిషాలు తిరగనివ్వండి. గోడవైపు పడితే మిద్దె పగులో, కారే పైపో చూసుకోవాలి. అది పూడ్చకుండా ఎంత ఖరీదైన పెయింటు వేసినా పెచ్చులూడాల్సిందే.

బూజును పొడి చీపురుతో దులిపితే ఇల్లంతా పాకుతుంది. మాస్కు పెట్టుకుని సబ్బునీళ్ల గుడ్డతో తుడవండి. బ్లీచింగ్ వాడితే అందులో బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది.