తాతయ్యకీ భోగిపళ్ళు

ఈ ఏడు మా ఇంట్లో భోగిపళ్ళ పేరంటం కాస్త దారి తప్పింది.

హాల్లో తూర్పుముఖంగా పీట వేశాం. పళ్ళెంలో రేగిపళ్ళు, బంతిపూల రేకులు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర. గుప్పిట నిండా తీసుకుని మూడుసార్లు దిష్టి తిప్పి పిల్ల తలమీద పొయ్యాలి. మా చిన్నదానికి ఐదు నిండాయి. కొన్ని ఇళ్ళల్లో పన్నెండేళ్ళ దాకా పోస్తారు గానీ మా ఇంట్లో ఐదుతో సరి. ఇదే ఆఖరని దాని చెవిన ఎవరు వేశారో, “నేను పెద్దయిపోయానుగా, కూచోను” అని భీష్మించుకుంది. పోనీ మానేద్దామా అంటే ఏడుపు. చివరికి తాతయ్య పక్కన ఉంటేనే కూర్చుంటానంది.

నాన్నకి ఆ పీట కొత్త కాదు. మొన్న కార్తీకంలో సహస్ర చంద్ర దర్శన శాంతికి దానిమీదే కూర్చోబెట్టి కలశాల నీళ్ళు పోశారు. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29.53 రోజులు. వెయ్యి పున్నములంటే 80 ఏళ్ళ మీద పది నెలలు. అందుకే ఈ శాంతి ఆ వయసులో వస్తుంది. షష్టిపూర్తి లెక్క ఇంకా ముచ్చటైనది. గురుడు సుమారు 12 ఏళ్ళకి, శని సుమారు 30 ఏళ్ళకి రాశిచక్రం చుట్టి వస్తారు. అరవై నిండేసరికి ఇద్దరూ పుట్టిననాటి చోటుకి దగ్గర్లో ఉంటారు, సంవత్సరం పేరు కూడా మళ్ళీ అదే. మనిషి ఒక్కడే పుట్టిననాటిలా ఉండడు.

గీత రెండో అధ్యాయం పదమూడో శ్లోకం నాకు అక్కడ తగులుతుంది.

దేహినోఽస్మిన్ యథా దేహే కౌమారం యౌవనం జరా ।
తథా దేహాంతరప్రాప్తిర్ధీరస్తత్ర న ముహ్యతి ॥

ఈ దేహంలోనే పసితనం, పడుచుతనం, ముసలితనం ఎలా వస్తాయో మరో దేహం రావడమూ అలాంటిదే, ధీరుడు అక్కడ మోహపడడు అని. అర్జునుడు భయపడుతున్నది తనవాళ్ళ చావుకి. కృష్ణుడు సాక్ష్యంగా తెచ్చింది మాత్రం అర్జునుడు అప్పటికే దాటి వచ్చిన బాల్యాన్ని. మొదటి అవస్థ పోతే ఆత్మ పోలేదు, రెండోది వస్తే ఆత్మ కొత్తగా పుట్టలేదు అంటారు శంకరులు భాష్యంలో.

బాల్యం పోయిందని ఎవరైనా ఏడుస్తారా, చావూ అంతే అని ప్రవచనాల్లో అంటూ ఉంటారు. ఇక్కడ నాకో పేచీ ఉంది. ఏడుస్తాం. తిరుమల కల్యాణకట్టలో మా చిన్నదాని పుట్టువెంట్రుకలు తీయిస్తుంటే నేను కొంగుతో కళ్ళొత్తుకున్నాను. దాని మొదటి గౌను ఇప్పటికీ బీరువాలోనే ఉంది, ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు.

చాన్నాళ్ళకి గమనించాను. రెండు శ్లోకాల ముందు “పండితులు శోకించరు” అన్న కృష్ణుడు ఇక్కడ శోకం మాట ఎత్తలేదు. “న ముహ్యతి” అన్నాడు. మోహమంటే ఒకదాన్ని చూసి ఇంకొకటనుకోవడం. అవస్థ మారితే మనిషే మారిపోయాడనుకోవడం. అది మా ఇంట్లో రోజూ జరిగేదే. నాన్న అడిగిందే అడిగితే, కళ్ళజోడు కళ్ళకే పెట్టుకుని వెతుక్కుంటే, “ఆయన మునుపటి మనిషి కాడమ్మా” అని వంటింట్లో గొంతు తగ్గించి అనుకుంటాం. అనేదాంట్లో నేనూ ఉన్నాను. పెద్దయిపోయానని పిల్ల అనడం, మునుపటి మనిషి కాడని మేమనడం, రెండూ ఒకలాంటి మాటలేనేమో. పిల్లకైతే ఐదేళ్ళు, సరిపెట్టుకోవచ్చు.

ఆ సాయంత్రం అమ్మ మొదటి గుప్పెడు తీసి మనవరాలి తలమీద పోసింది. అది పక్కకి తిరిగి, “తాతయ్యకీ పొయ్యి, దిష్టి తగులుతుంది” అంది. పేరంటాళ్ళు ఘొల్లుమన్నారు. అమ్మ ఒక్క క్షణం ఆగి, ఈసారి గుప్పిట ఇంకాస్త నిండుగా తీసుకుని, మూడుసార్లు తిప్పి ఆయన బట్టతల మీద పోసింది. శనగలు చొక్కా కాలర్లోకి జారుతుంటే నాన్న మెడ ముడుచుకున్నారు. ఐదేళ్ళ పిల్ల మెడ ముడుచుకున్నట్టే.

మర్నాడు పొద్దున కండువా దులిపితే మూడు రేగిపళ్ళు, ఒక రూపాయి బిళ్ళ రాలాయి. పళ్ళు తాతయ్యవీ, రూపాయి తనదీ అని చిన్నది పంచేసింది.