రోడ్డు మీద నుంచి కనపడకూడని గది

న్యూయార్క్‌లో ఒక చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసులో పనిచేస్తున్నాను. నా చేతికొచ్చిన మొదటి పెద్ద పని సోహోలో. అయిదంతస్తుల పాత బిల్డింగులో పై లాఫ్ట్‌ని, అంటే ఇల్లుగా మార్చుకున్న ఒకప్పటి గోదాము అంతస్తుని, బాగుచేసి, దాని డాబా మీద అద్దాల గది, చుట్టూ తోట వేసి పెంట్‌హౌస్‌గా మార్చాలి. ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ, "లాఫ్ట్‌లో కాపురమేంటే, పాత గిన్నెలు పెట్టుకునేది కదా" అంది. నాన్న విజయవాడలో బిల్డింగ్ కాంట్రాక్టర్. ఆయనది ఒకటే మాట: "ఎలివేషన్ పంపించమ్మా." బిల్డింగు బయటికి ఎలా కనపడుతుందో చూపించే డ్రాయింగు అన్నమాట.

సోహో అంటే హౌస్టన్ వీధికి దక్షిణాన ఉన్న పేట. టెక్సాస్‌లోని మా కజిన్ దాన్ని హ్యూస్టన్ అంటే ఇక్కడివాళ్లు నవ్వుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ బట్టల గోదాములు, దుకాణాలు, చిన్న ఫ్యాక్టరీలు ఉండేవి. వాటి ముఖాలు చూస్తే చెక్కిన రాయిలా ఉంటాయి గానీ చాలావరకు పోత ఇనుమే. ముక్కలుగా పోతపోసి, తెచ్చి బోల్టులతో బిగించి, పైన రంగేశారు. మొదటి రోజు మా సీనియర్ నా చేతిలో చిన్న అయస్కాంతం పెట్టాడు. రాతి స్తంభం అనుకున్నదానికి ఆనిస్తే టక్కున అతుక్కుంది. 1973లో ఈ పేటను చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. అప్పటి నుంచి బయట కిటికీ మార్చాలన్నా పాత కట్టడాలను కాపాడే నగర సంస్థ ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి కావాలి.

మా అసలు కష్టం డాబా మీద గదితోనే. గది వీధిలోంచి కనపడకపోతే కమిషన్ సిబ్బందే కాగితాలు చూసి తేల్చేస్తారు. కొట్టొచ్చినట్టు కనపడితే ముందు పేట కమ్యూనిటీ బోర్డు, ఆ తర్వాత పదకొండు మంది కమిషనర్ల ముందు బహిరంగ విచారణ. కనపడుతుందా లేదా అన్నది కాగితం మీద ఒప్పుకోరు. కట్టి చూపించాలి.

జనవరిలో ఒక పొద్దున ఇద్దరు వడ్రంగులతో డాబా ఎక్కాను. గది మూలలు వచ్చేచోట కర్రలు నిలబెట్టి, పదడుగుల ఎత్తున నారింజ రంగు వల కట్టాం. గాలికి ఒక కర్ర రెండుసార్లు పడింది. తర్వాత కెమెరా పట్టుకుని కిందికి దిగాను. బిల్డింగు ఎదురుగా నిలబడితే ఏమీ కనపడదు, పిట్టగోడ అడ్డం వస్తుంది. చిక్కంతా దూరం వెళ్లేకొద్దీ మొదలవుతుంది. రెండు వీధుల అవతల మలుపులో మందుల షాపు ముందు ఆగి వెనక్కి తిరిగితే, కార్నిస్ (ముందు గోడ పైఅంచు) పైన చీర కొంగులా నారింజ రంగు ఊగుతోంది. ఫోటో తీసుకోక తప్పలేదు. దాని పక్కనే పెద్ద చెక్క నీళ్ల ట్యాంకు బాహాటంగా నిలబడి ఉంది. దాన్నెవరూ ఏమీ అనరు, పాతది కదా!

ఓనర్ విచారణకే వెళ్దామన్నాడు. అక్కడ గెలిచినా నెలలు పడుతుందని నచ్చజెప్పడానికి మూడు మీటింగులు పట్టాయి. చివరికి గదిని ఆరడుగులు వెనక్కి జరిపి, అడుగున్నర ఎత్తు తగ్గించాం. పన్నెండు మంది కూర్చునే డైనింగ్ టేబుల్ ఎనిమిది మందికి దిగింది. ఆయన నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఈలోగా కో-ఆప్ బోర్డుతో, అంటే బిల్డింగులో ఇళ్లవాళ్ల సంఘంతో, ఇంకో తలనొప్పి. ఆల్టరేషన్ అగ్రిమెంట్, ఇన్సూరెన్స్ కాగితాలు, డిపాజిట్, ఆస్బెస్టాస్ పరీక్ష, ఇవన్నీ మామూలే. అందరూ పట్టుబట్టింది మాత్రం నీళ్ల గురించి. కింది ఇంటి పడకగది మీద మన వంటగది రాకూడదు. మా డ్రాయింగులో సరిగ్గా అక్కడే వచ్చింది.

కొలతల కోసం కింది ఇంటికి వెళ్లాను. ఎనభై దాటిన పెద్దాయన, శిల్పి, 1960ల చివర్లో ఇక్కడికి వచ్చాడట. అప్పుడిది ఫ్యాక్టరీల జోను, కాపురం ఉండటం నేరం. రాత్రిళ్లు వెలుతురు బయటికి పోకుండా కిటికీలకు దుప్పట్లు కట్టుకునేవాళ్లమన్నాడు. 1971లో కళాకారులని సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు మాత్రం ఉండనిచ్చారు. మా అద్దాల గది సంగతి విని, "మళ్లీ దాక్కోవడమేనా" అని నవ్వి, టేపు రెండో కొస తనే పట్టుకున్నాడు. వంటగదిని ఆయన స్టూడియో మీదికి జరపడానికి కూడా ఒప్పుకున్నాడు. తడి అంటే తనకేం భయం లేదట, అక్కడ ఎప్పుడూ మట్టి పిసుకుతూనే ఉంటాడు. అయినా బోర్డు ఆయన చేత రాయించుకుంది.

మార్చిలో మళ్లీ కర్రలు, మళ్లీ వల. ఈసారి మందుల షాపు ముందు నిలబడి ముందుకీ వెనక్కీ పదిసార్లు నడిచాను. ట్యాంకు ఒక్కటే కనపడింది. టెన్షన్‌తో ఫోన్ జారి చలికి గట్టిపడ్డ బురదలో పడింది, తీసి మళ్లీ ఫోటోలు తీశాను. కమిషన్ అనుమతి సర్టిఫికెట్ మే నెలలో చేతికొచ్చింది.

పని పూర్తయ్యేసరికి మరుసటి ఏడాది వేసవి. చివరి రోజు అదే మలుపు దగ్గర నిలబడి ఫోటో తీసి నాన్నకు పంపాను. వెంటనే వీడియో కాల్.

"ఏదమ్మా? నువ్వు కట్టింది ఏదీ?"

"కనపడదు నాన్నా."

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి చూశాడు. "ఆ ట్యాంకా?"