భద్రాద్రి దారిలో మాయమైన గుండ్లు

2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర వచ్చిన భూకంపం హైదరాబాద్‌లో మా ఇంటి దాకా తెలిసింది. తీవ్రత 5.3 అట. వంటింట్లో గిన్నెలు కదిలితే అమ్మ "రాముడు పిలుస్తున్నాడు" అంది. అలా జనవరిలో ముక్కోటికి భద్రాచలం బయల్దేరాం. కొత్తగూడెంలో మామయ్య కారెక్కాడు. సింగరేణిలో ముప్పై ఏళ్లు బొగ్గుబాయి పని చేసిన మనిషి.

హైదరాబాద్‌ చుట్టూ ఎటు చూసినా గుండు మీద గుండు, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. కొత్తగూడెం వచ్చేసరికి ఆ గుండ్లు కనిపించడం మానేశాయి. ఏమయ్యాయని అడిగితే మామయ్య "కిందికి పోయినయ్ అల్లుడా" అన్నాడు. జోక్ వేస్తున్నాడనుకున్నా.

జోక్ కాదు. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి నేల పొడవునా పగిలి, ఆ పగుళ్ల నడుమ భాగం కుంగింది. కుంగినచోట నదులు ఇసుక, మట్టి తెచ్చిపోశాయి. ఆనాటి అడవులు వాటికింద పడి బొగ్గయ్యాయి. ఇదంతా మొదలై 25 కోట్ల ఏళ్లు దాటింది. లోతుకు దిగిపోయింది కాబట్టే ఆ బొగ్గు వానకూ వరదకూ కొట్టుకుపోకుండా మిగిలింది. 1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్‌కు దొరికింది అదే.

నేల ఇలా జారిన పగులునే ఫాల్ట్ అంటారు. అక్కడ నిట్టనిలువు కొండ అంచు ఏదో కనిపిస్తుందని నా ఊహ. మామయ్య నవ్వాడు. "సీమ్, అంటే బొగ్గు పొర, దాని వెంబడి పోతాంటే బొగ్గు ఒక్కసారే ఆగిపోతది. ఎదురుంగ రాయి. ఆ సీమ్ పైకి పోయిందా, కిందికి జారిందా ఎతుక్కోవాలె. మాకు ఫాల్టంటే గదే."

1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కదిలినప్పుడు ఆయన చిన్నపిల్లాడు. ఇత్తడి బిందెలు దొర్లిన చప్పుడు ఇంకా గుర్తేనట. పాత పగుళ్లే, అప్పుడప్పుడూ సర్దుకుంటాయి.

తెప్పోత్సవం సాయంత్రం గోదావరి ఒడ్డున కాలు పెట్టే సందు లేదు. అందరూ హంస వాహనం కోసం చూస్తుంటే నా కళ్లు నది మీదికే పోయాయి. కాళేశ్వరంలో ప్రాణహిత కలిశాక గోదావరి ఆగ్నేయానికి తిరిగి, ఆ కుంగిన నేల వెంటే ఇక్కడిదాకా వస్తుంది. తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం మాత్రం తోపులాటలో అర నిమిషం దక్కింది. అమ్మకు అదే చాలు.

మర్నాడు పోచవరంలో పడవెక్కాం. పాపికొండల దగ్గరికి రాగానే అంత వెడల్పు నదీ సన్నబడిపోయింది. ఇవి తూర్పు కనుమల గట్టి రాళ్లు, దిగబడిన నేల కాదు. నది కోసుకుంటూ పోవాల్సిందే. అమ్మ దండం పెట్టి రూపాయి బిళ్ల వేసింది. ఇక్కడ లోతెంత అని మామయ్య పడవ నడిపే అబ్బాయిని అడిగాడు.

"రిటైరయినా లోతులు కొలవడం మానవేం రా!" అంది అమ్మ.