చివరి మాట “ఇకనుంచైనా”

“కాబట్టి ఇకనుంచైనా మనం…” చర్చిలో ఇవాళ్టి ప్రసంగం ఈ మాటతో ముగిసింది. వెంటనే ఆమెన్.

అంతకుముందు పావుగంట దేవుడి క్షమాపణ గురించి ఎంత బాగా చెప్పారో! ఆ ఒక్క ‘ఇకనుంచైనా’తో అదంతా షరతుగా మారిపోయింది. వినేవాళ్లు ఇంటికి పట్టుకెళ్లేది చివరి మాటనే కదా.

1518లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన వేదాంత వాదానికి సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన 26వ సిద్ధాంతం ఇదే: ధర్మశాస్త్రం (దేవుడి ఆజ్ఞలు) ‘ఇది చెయ్యి’ అంటుంది, అది ఎన్నటికీ జరగదు. కృప ‘ఈయనను నమ్ము’ అంటుంది, అన్నీ అప్పటికే జరిగిపోయాయి.

ధర్మశాస్త్రాన్ని తగ్గించమని కాదు. మెత్తగా చెబితే ‘కాస్త ప్రయత్నిస్తే చాలు’ అనిపిస్తుంది, అదింకా ప్రమాదం. పూర్తి బరువుతో, ముందే చెప్పాలి. ఆ తర్వాత సువార్త, అంటే క్రీస్తు చేసినదాని కబురు, ‘మీ కోసం’ అని సూటిగా. ప్రసంగం రాసుకున్న కాగితంలో క్రియలకు కర్త ఎవరో గీత గీసి చూడండి. చివరి పేరాలో అన్నిచోట్లా ‘మనం’ ఉంటే తిరగరాయాల్సిందే.

మరుగైన దేవుడి విషయంలోనూ, అంటే ఆయన మనకు తెలియనివ్వని ఉద్దేశాల విషయంలోనూ, ఇలా మన మాట చేర్చే తప్పే జరుగుతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి దేవుడి తరఫున కారణాలు అల్లి చెబుతారు. 1525లో పండితుడు ఎరాస్మస్‌కు జవాబిస్తూ లూథర్ వద్దన్నది దాన్నే: ఆయన దాచుకున్న చిత్తం జోలికి పోకండి, వాక్యంలో, సిలువ మీద తనను చూపించుకున్న చోటే ఆయన్ని పట్టుకోండి.