గొడవ మొదలైంది బడుల దగ్గర

ఆదివారం. కూరగాయలకని బయల్దేరితే చర్చి ముందు ట్రాఫిక్ ఆగిపోయింది. డాలస్ శివార్లలో ఇది ప్రతివారం ఉండేదే. నా ముందున్న పికప్ వెనకాల అబార్షన్‌ను వ్యతిరేకిస్తూ ఒక స్టిక్కర్. ఇక్కడ మతం రాజకీయాల్లోకి ఎప్పుడొచ్చిందని ఎవరినడిగినా, 1973లో సుప్రీంకోర్టు అబార్షన్‌ను హక్కుగా గుర్తించిన రో తీర్పుతోనే అంటారు.

మధ్యాహ్నం వంట పని అయ్యాక ఆ కాలం గురించి చదువుతూ కూర్చున్నాను. 1971లో, ఇక్కడి ప్రొటెస్టెంట్లలో అతిపెద్ద శాఖ అయిన సదరన్ బాప్టిస్టుల మహాసభే, కొన్ని పరిస్థితుల్లో అబార్షన్‌ను అనుమతించే చట్టాలు కావాలని తీర్మానించింది! అప్పట్లో గట్టిగా వ్యతిరేకించింది ఎక్కువగా కాథలిక్కులే.

అసలు రగడ మిసిసిపీలోని హోమ్స్ కౌంటీలో కనిపిస్తుంది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే బడిలో చదవాలని కోర్టులు పట్టుబట్టగానే, ప్రభుత్వ బడుల్లో తెల్లపిల్లలు 771 నుంచి 28కి పడిపోయారు. మరుసటి ఏడు ఒక్కరూ లేరు. అంతా కొత్తగా వెలిసిన ప్రైవేటు బడులకు వెళ్ళిపోయారు. వాటికి మళ్ళీ పన్ను మినహాయింపు! 1969లో కొందరు నల్లజాతి తల్లిదండ్రులు దానిమీద కోర్టుకెక్కారు. జాతివివక్ష పాటించే బడులకు మినహాయింపు కుదరదని 1971లో తేలింది. దక్షిణ కరొలైనాలోని బాబ్ జోన్స్ అనే క్రైస్తవ యూనివర్సిటీ కూడా 1976లో ఆ మినహాయింపును పోగొట్టుకుంది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ప్రేమించుకోకూడదన్న నిషేధాన్ని ఆ యూనివర్సిటీ 2000 దాకా ఎత్తెయ్యలేదు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది.

పాస్టర్లను కదిలించింది ఈ దెబ్బేనని, వాళ్ళను రాజకీయాల్లోకి కూడగట్టిన పాల్ వైరిక్ స్వయంగా చెప్పాడు. 1979లో జెర్రీ ఫాల్వెల్ అనే పాస్టర్ ‘మోరల్ మెజారిటీ’ అనే రాజకీయ సంస్థ పెట్టాడు. మరుసటేడు ఆగస్టులో, రిపబ్లికన్ల తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న రీగన్ మా డాలస్‌కే వచ్చి, మీరు నాకు బాహాటంగా మద్దతివ్వలేరు గానీ నేను మీకిస్తున్నానని పాస్టర్ల సభలో అన్నాడు. వాళ్ళు ఓడించాల్సిన అప్పటి అధ్యక్షుడు కార్టర్ ఏమో సండే స్కూల్లో పాఠాలు చెప్పే బాప్టిస్టు.

ఇదొక్కటే కారణమని నేననను. 1962, 63లలో ప్రభుత్వ బడుల్లో ప్రార్థనలు ఆపించిన తీర్పులూ ఉన్నాయి. అబార్షన్ పాపమని మనసారా నమ్మేవాళ్ళు మా వీధిలోనే బోలెడుమంది. వాళ్ళ నమ్మకాన్ని నేను శంకించను. కానీ పన్ను మినహాయింపు కోసం ఓటెయ్యమంటే జనం కదలరు కాబట్టే, నాయకులు తర్వాత అబార్షన్‌ను ముందుకు తెచ్చారని నా అభిప్రాయం.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్తే, “ఇంతకీ ఆ తల్లిదండ్రులు గెలిచారా?” అన్నారు మావారు. కేసైతే గెలిచారు. హోమ్స్ కౌంటీ ప్రభుత్వ బడుల్లో మాత్రం ఇప్పటికీ దాదాపు అందరూ నల్లపిల్లలే.