చూద్దాం లే

పదకొండున్నర అయింది. రేపు పొద్దున్నే ఎనిమిదింటికి మీటింగ్. పడుకుంటే ఆ కోచ్ మాటే చెవిలో తిరుగుతోంది, అందుకే లేచొచ్చి ఇక్కడ కూర్చున్నాను.

మా చిన్నోణ్ణి తమ జట్టుకు తీసుకుంటామంటూ, సాయంత్రం ఏడింటికి ఒహాయోలోని ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ ఫోన్ చేశాడు. చిన్నోడు స్పీకర్‌లో పెట్టాడు. ఈయన టీవీ ఆపేసి, పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రిలా సోఫా అంచున కూర్చున్నారు. మనిషి బాగానే మాట్లాడాడు. నా పేరు కూడా సరిగ్గా పలికాడు, ముందే సాధన చేసుకుని ఉంటాడు పాపం. ఫుల్ స్కాలర్‌షిప్ అన్నాడు. ఫీజు, గది, తిండి, పుస్తకాలు, అన్నీ వాళ్ళవే. చివర్లో, "ఏం చదవాలనుకుంటున్నావ్?" అని అడిగాడు. మెకానికల్ ఇంజనీరింగ్ అన్నాడు వీడు.

అవతల రెండు సెకన్లు చప్పుడు లేదు. తర్వాత నవ్వి, "వీల్ వర్క్ ఇట్ అవుట్" అన్నాడు.

అంతే. కాదనలేదు, కూడదనలేదు. ఫోన్ పెట్టగానే ఈయన చప్పట్లు కొట్టినంత పని చేశారు. నేను లేచి గిన్నెలు తోముకున్నాను, డిష్‌వాషర్ ఖాళీగా ఉన్నా.

వాడి కాలేజీల లెక్కలకు ఈయన ఒక ఎక్సెల్ షీటు పెట్టుకున్నారు. ఇప్పుడు అందులో కొత్త కాలమ్ చేరింది. ఐవీ లీగ్ కాలేజీలు, అంటే హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి పేరున్న ఎనిమిది, ఆట కోసం ఒక్క డాలరు కూడా స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఇచ్చే సాయమంతా ఇంటి ఆదాయం చూసే. ఏడాది ఖర్చేమో 90 వేల డాలర్ల చుట్టూ ఉంది, మావేమో రెండు జీతాలు. 2025లో కోర్టు సెటిల్‌మెంట్ వచ్చాక పెద్ద కాలేజీలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బే ఇస్తున్నాయి. ఐవీలు మాత్రం మేం ఆ జట్టులో లేమని పక్కకు తప్పుకున్నాయి. అందుకని షీటులో ఒహాయో గడి పచ్చగా, మనల్ని అడుగుతున్న ఐవీ గడి ఎర్రగా ఉంటుంది. రంగులు వేసిందెవరో చెప్పక్కర్లేదు.

ఆ పచ్చ గడి కూడా నోటిమాటే, ఈయనకు అది ఎక్కడం లేదు. ఆఫర్ అంటే సంతకం కాదు. 2024 దాకా ఫలానా కాలేజీలో చేరతానని సంతకం చేసే లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఒకటుండేది, అదీ ఎత్తేశారు. ఇప్పుడు కాలేజీతో ఆర్థిక సాయం ఒప్పందం రాసుకునేదాకా ఎవరి మాట వాళ్ళదే. పైగా ఆటగాళ్ళు కాలేజీ మారడానికి పేరిచ్చుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చినప్పటినుంచీ కోచ్‌లకు పదిహేడేళ్ళ కుర్రాడికంటే వేరేచోట మూడేళ్ళు ఆడి కండలు తిరిగిన ఇరవై రెండేళ్ళవాడే ముద్దు. మనవాడు సైన్ చేసే లోపు పోర్టల్లో వీడి స్థానంలో ఆడే ఇంకో గార్డ్ దొరికితే? అడిగితే, "నువ్వు ఎప్పుడూ అంతే" అన్నారు.

ఇంట్లో ఇదైతే, బయట ఇంకోటి. ఆదివారం భోజనాలకు వెళ్ళామా, అక్కడ ఒకాయన చిన్నోణ్ణి పక్కన నిలబెట్టుకుని ఎత్తు కొలిచాడు. "సిక్స్ ఫోరా? ఎన్‌బీఏలో ఇది పొట్టే కదండీ" అన్నాడు, పప్పులో నెయ్యి వేసుకుంటూ. ఎన్‌బీఏ మాట ఎవరెత్తారండీ అసలు? ఇంకొకావిడ నన్ను వంటింట్లోకి లాగి, గొంతు తగ్గించి, "బాస్కెట్‌బాల్‌తో ఐవీలో సీటొస్తుందటగా, మాకు చెప్పనేలేదే" అంది. దొడ్డిదారి మ్యాపు నా దగ్గర దాచిపెట్టుకున్నట్టు! వాళ్ళమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు, మొదలుపెట్టించమంటావా అని అడిగింది. ఆరేళ్ళ శనాదివారాలు, జులై నెలలన్నీ జిమ్ముల్లో చెక్కబెంచీల మీద, మోటెల్ గదుల్లో పులిహోర డబ్బాలతో గడిపాను. దాన్ని ఒక ముక్కలో దొడ్డిదారి చేసేసింది. ఐవీ వాళ్ళు మార్కులు, టెస్టు స్కోర్లు కలిపి అకడమిక్ ఇండెక్స్ అని లెక్క కడతారు, అది తగ్గితే కోచ్ ఎంత కావాలన్నా అడ్మిషన్ ఆఫీసు ఒప్పుకోదు తల్లీ అని చెప్పబోయాను. అప్పటికే గారెలు తేవడానికి వెళ్ళిపోయింది. మూడు రోజులైంది, ఇంకా మంటగానే ఉంది.

సరే, అసలు సంగతి. కోచ్ అన్న ఆ "వీల్ వర్క్ ఇట్ అవుట్" మాటను నేను తెలుగులో ఇంతకుముందే ఒకసారి విన్నాను.

1992. పదో తరగతి అయిపోయిన వేసవి. నాకు అప్పట్లో బాల్ బ్యాడ్మింటన్ పిచ్చి. తణుకు పక్కన మా స్కూలు గ్రౌండులో పొద్దున్నే ఆట. పసుపు ఊలు బంతి మంచుకు తడిస్తే బరువెక్కి, బ్యాట్‌కి తగిలినప్పుడు వేరే చప్పుడు చేసేది. అయిదుగురి ఆట కదా, నేను సెంటర్. వెనకవాళ్ళు వదిలేసినవీ, ముందువాళ్ళు అందుకోలేనివీ అన్నీ నావే. డ్రిల్లు మాస్టారు జిల్లా జట్టుకు నా పేరు పంపారు. నాన్న నన్ను విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్చడానికి తీసుకెళ్ళారు. బ్యాట్ గుడ్డసంచీలో పెట్టుకుని నేనూ బయల్దేరాను.

ప్రిన్సిపాల్ గదిలో నాన్న ఫీజు కట్టి, రశీదు మడిచి జేబులో పెట్టుకుని, తటపటాయిస్తూ, "అమ్మాయి బాగా ఆడుతుందండీ. సాయంత్రాలు ఒక గంట..." అన్నారు. ఆయన నా సంచీ వంక చూశాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎంతో మెత్తగా, "చూద్దాం లేమ్మా" అన్నాడు.

అక్కడ గ్రౌండు ఉంది. అందులో బస్సులు పెట్టేవాళ్ళు. రెండేళ్ళు ఆ సంచీ మంచం కింద నుంచి తియ్యలేదు. స్టడీ అవర్లో కిటికీలోంచి డ్రైవర్లు ఆ గ్రౌండులో పేకాడుకోవడం కనిపించేది. నాకు కోపం రావలసింది, రాలేదు. ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఆ ర్యాంకే నన్ను ఇంజనీరింగ్‌కీ, ఇక్కడికీ తెచ్చింది, కాదనను. మొదటి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు బ్యాట్‌ని అటక మీద పడేశాను. గట్ ఎలుకలు కొరికేశాయని చాలా ఏళ్ళకు అమ్మ చెప్పింది.

ఇంతవరకూ రాసి పైనుంచి చదువుకున్నాను. రెంటికీ ముడి పెట్టానే గానీ, కుదరలేదేమో. ఆ ప్రిన్సిపాల్ అప్పటికే లేదని తేల్చుకుని ఆ మాట అన్నాడు. ఈ కోచ్ ఆ రెండు సెకన్లలో ఏం చేశాడు? బహుశా నిజంగానే లెక్క వేసుకున్నాడు. మధ్యాహ్నం ల్యాబులు, మధ్యాహ్నమే ప్రాక్టీసు. ఆట వారానికి 20 గంటలకు మించకూడదని కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ నిబంధన ఉంది గానీ, బస్సుల్లో, విమానాల్లో గడిచే గంటలు అందులోకి రావు. మంగళవారం రాత్రి వేరే రాష్ట్రంలో మ్యాచ్ ఉంటే బుధవారం ల్యాబ్ ఏమవుతుంది? ఆగి ఆలోచించినవాడు కాస్త నిజాయితీపరుడేమో. పోయిన నెల ఇంకో కోచ్ అదే ప్రశ్న అడిగి, ఇంజనీరింగ్ అనగానే "ఆసమ్!" అని ఒక్క క్షణం కూడా ఆగకుండా అరిచాడు. ఆయన మీద నాకు ఏ అనుమానమూ రాలేదు, చిత్రంగా.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది, రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. ఎనిమిదో తరగతిలో చిన్నోడు రోబోటిక్స్ క్లబ్‌లో చేరతానని, ఆ ఏడాది ఊళ్ళు తిరిగి ఆడే బాస్కెట్‌బాల్ ట్రావెల్ టీమ్ మానేస్తానని అన్నాడు. కారు నడుపుతూ, వెనక్కి తిరగకుండా, "చూద్దాం లే నాన్నా" అన్నాను. మర్నాడు ప్రాక్టీసుకు దింపాను. మళ్ళీ ఆ మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎక్సెల్ షీటని ఈయన్ని ఆడిపోసుకుంటున్నాను గానీ, అటక మీది బ్యాట్ ఏ కాలమ్‌లో ఉందో?

మా ఆఫీసులో పెద్దాయన ఒకరు, రిటైర్మెంటుకు దగ్గరున్నారు, ఈ విషయం వస్తే చాలు బాస్కెట్‌బాల్ ఆటగాడు బిల్ బ్రాడ్లీ కథ చెప్తారు. మా న్యూజెర్సీకి తర్వాత సెనేటర్ అయిన ఆయనే. మిస్సోరీ కుర్రాడు, డ్యూక్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్‌కి సరేనన్నాడు. 1961 వేసవిలో బేస్‌బాల్ ఆడుతూ పాదం విరిగింది. ఆ మంచం మీద పడుకుని, బాస్కెట్‌బాల్ లేకపోతే నాకు ఏ కాలేజీ కావాలి అని ఆలోచించుకుని, డబ్బులు ఇవ్వని ప్రిన్స్‌టన్‌కి వెళ్ళిపోయాడు. 1965లో జట్టును ఫైనల్ ఫోర్‌కి, అంటే కాలేజీల జాతీయ పోటీలో చివరి నాలుగు జట్లలోకి తీసుకెళ్ళాడు. ఆ కథలో పెద్దాయన చెప్పని ముక్క ఒకటుంది, బ్రాడ్లీ వాళ్ళ నాన్న బ్యాంకరు. ఫీజు కట్టగలిగాడు.

ఇక్కడిదాకా వచ్చేసరికి కింద ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. వెళ్ళాను. చిన్నోడు చీకట్లో నిలబడి గిన్నెలోంచే పెరుగన్నం తింటున్నాడు. రేపు కెమిస్ట్రీ టెస్టు. అడిగేశాను, "కాలు విరిగి ఆట లేకపోతే ఆ ఒహాయో ఊళ్ళో నాలుగేళ్ళు ఉంటావా?"

"కాలు విరిగితే ఇంట్లోనే ఉంటా, నువ్వు వండిపెడతావుగా" అన్నాడు.

ఆవకాయ ముక్క నంజుకుని, కాసేపాగి, "అమ్మా, ఆయన ఆగాడు చూశావా, ఇంజనీరింగ్ అన్నప్పుడు?" అన్నాడు.

నాకు కళ్ళు తిరిగినంత పనైంది. నేనొక్కదాన్నే విన్నాననుకున్నాను. ఏమీ తెలియనట్టు, "ఆగాడా?" అన్నాను.

ఫోన్ తీసి చూపించాడు. ఎనిమిదింటికే కోచ్‌కి మెసేజ్ పెట్టాడు. మీ టీమ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మాట్లాడొచ్చా, అని. నేను గిన్నెలు తోముతూ ఉడికిపోతున్న టైమది.

జవాబు ఇంకా రాలేదు. ఒహాయోలోనూ ఇప్పుడు పన్నెండే.