సోమవారం ఉపవాసం, వీధంతా శెనక్కాయలు

కదిరి పక్క పల్లెలో పుట్టినవాడు శెనక్కాయల తిరునాళ్ళ చూడ్డానికి టికెట్టు పెట్టుకుని బెంగళూరు పోవడమేమిటని నేను గట్టిగానే వాదించాను. అమ్మ వినలేదు. అక్క అత్తగారు ఫోన్ చేసి, కార్తీకంలో కడపటి సోమవారం బసవనగుడిలో కడలేకాయి పరిషె జరుగుతుంది, ఈసారైనా రండి అన్నారట. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ పిలుస్తూనే ఉన్నారు, అమ్మ ఏదో ఒక వంక చెబుతూనే ఉంది. పెట్టుపోతల దగ్గర ఏదో మాట పట్టింపు వచ్చింది. అదేమిటని అడిగితే ఇద్దరిలో ఎవరూ తిన్నగా చెప్పరు. ఈసారి మాత్రం, "కార్తీక సోమవారం గుడికి పిలిస్తే రాననకూడదు" అని అమ్మే సంచి సర్దుకుంది.

బస్సులో మొదటి గొడవ. ఆంధ్రాలో ఆడవాళ్ళకు 2025 ఆగస్టు నుంచి ఉచిత ప్రయాణం వచ్చింది కదా, అమ్మ దర్జాగా ఆధార్ కార్డు తీసి కండక్టరుకు చూపించింది. పక్క రాష్ట్రం పోయే బస్సులో అది చెల్లదన్నాడు. సరేలే, కర్ణాటకలో 2023 నుంచే ఊరకే తిప్పుతున్నారు కదా, అక్కడ సిటీ బస్సులో చూసుకుందాం అనుకుంది. అక్కడ కర్ణాటక అడ్రసు ఉండాలట. "రెండు రాష్ట్రాలూ ఆడవాళ్ళకు బస్సు ఊరకే అంటాయి, నేను మాత్రం రెండుచోట్లా డబ్బు కడతాను" అని గోరంట్ల దగ్గర మొదలుపెట్టి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటి, హెబ్బాళ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నదాకా అంటూనే ఉంది. మెజెస్టిక్‌లో దిగి మెట్రో ఎక్కాం. దాని చార్జీలూ 2025 ఫిబ్రవరిలో పెంచేశారు. నేషనల్ కాలేజీ స్టేషన్ నుంచి హనుమంతనగర్‌కు ఆటో అడిగితే ఒకతను చెప్పిన రేటుకు మా ఊళ్ళో విత్తనాలు ఒక సంచి వస్తాయని అమ్మ లెక్క చెప్పింది. నడిచే పోయాం.

సోమవారం సాయంత్రం అందరం కలిసి బయల్దేరాం. అమ్మ, అత్త, అక్క, బావ, నేను, ఇంకా పై వాటాలో ఉండే పంజాబీ ఆంటీ. ఆవిడది లూథియానా. కొడుకు దగ్గర ఉందామని వచ్చారు, అతను ఆఫీసులో ఉంటాడు కాబట్టి అక్కవాళ్ళు ఎక్కడికి పోతే అక్కడికి ఆవిడా వస్తారు. ముగ్గురు పెద్దవాళ్ళకీ మూడు భాషలు, ఒకరి భాష ఒకరికి రాదు. ఆంటీ హిందీలో అంటే బావ వాళ్ళమ్మకు కన్నడంలో చెప్పాలి, అక్క దాన్ని తెలుగు చేసి అమ్మకు చెప్పాలి. దారి పొడవునా ఇదే పని.

బుల్ టెంపుల్ రోడ్డు మలుపు తిరిగేసరికి మొదట వినపడింది పీపీలు. రెండు కుర్రగుంపులు మనుషుల చెవుల దగ్గరే వాటిని ఊదుకుంటూ పోతున్నాయి. ఆ పీపీలు అమ్మేవాణ్ణి పట్టుకుని రాత్రంతా వాటి మధ్య కూర్చోబెట్టాలి. అది దాటాక వాసన. రోడ్డుకు రెండు పక్కలా శెనక్కాయల కుప్పలు, పచ్చివి ఒకచోట, ఉడకేసినవి ఒకచోట, ఇసుకలో వేయిస్తున్నవి ఇంకోచోట. మధ్యలో బొరుగులు, బత్తాసులు, గాజులు, చన్నపట్న కొయ్యబొమ్మలు, మట్టి ప్రమిదలు. వేడివేడి ఉడకేసిన కాయల ఆవిరి ముఖానికి కొడుతోంది, అమ్మేమో పొద్దున కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు. చుక్క చూసేదాకా ముట్టదు కూడా. ఇంతటి పరీక్ష శివుడు కూడా పెట్టడు.

ఆంటీ ఒక దోసెడు కాయలు తీసి అమ్మ చేతిలో పెట్టబోయారు. ఉపవాసమని చెబితే ఆశ్చర్యపోయి, మా వైపు ఉపవాసంలోనే ఇవి తింటాం, ఫర్వాలేదన్నారు. అత్త దానికి ఒప్పుకోలేదు. పచ్చివైతే ఏమోగాని, ఉప్పేసి ఉడకబెట్టింది ఎలా చెల్లుతుందని ఆవిడ ప్రశ్న. ముగ్గురూ రోడ్డు మధ్యలో నిలబడి మూడు భాషల్లో శాస్త్రచర్చ పెట్టుకున్నారు, బావ చెమటలు తుడుచుకుంటూ అటూ ఇటూ మాటలు మోశాడు. తీర్పు ఏమీ రాలేదు. అమ్మ కాయల్ని కొంగున ముడేసుకుంది.

అప్పుడే ఆంటీ వాళ్ళ లోహ్రీ పండగ సంగతి ఎత్తారు. జనవరి 13 సాయంత్రం వాళ్ళ ఊళ్ళో మంటేసి అందులో శెనక్కాయలు వేస్తారట. ఇది కన్నడంలోకి పోయి తెలుగులోకి వచ్చేసరికి "శెనక్కాయలు కాల్చేస్తారట" అయింది. అమ్మ నిలబడిపోయింది. "పండిన పంటను కాల్చేస్తారా?" వానలు మొహం చాటేసి, కాయ పట్టక, శెనక్కాయ కట్టె మొత్తం పశువులకు వదిలేసిన సంవత్సరాలు చూసిన మనిషి ఆవిడ. అనంతపురం పక్క శెనక్కాయ అంటే వానతో ఆడే జూదం. ఆంటీ నవ్వి చేతులతో చేసి చూపించారు. గుప్పెడు మంటకు, మిగతాదంతా నోటికి. రేవడీలు, పేలాలు, శెనక్కాయలు పంచుకుంటూ మంట చుట్టూ తిరుగుతారు, కొత్త కోడలు వచ్చిన ఇంట్లోనూ బిడ్డ పుట్టిన ఇంట్లోనూ ఆ ఏడు లోహ్రీ ఇంకా ఘనంగా చేస్తారు. "అట్లా చెప్పు, మన భోగి మంటే కదా" అంది అమ్మ, బావ వైపు కోపంగా చూసి. పాపం అతని తప్పేమీ లేదు, మాట మార్చింది మా అక్క.

అత్త ఊరుకుంటారా? సంక్రాంతికి తామూ శెనక్కాయలు వేయిస్తామని, నువ్వులు, బెల్లం, ఎండు కొబ్బరి, పుట్నాలతో కలిపి ఎళ్ళు బెల్ల చేసి ఇంటింటికీ పంచుతామని, అది తిని మంచిమాట మాట్లాడమంటామని చెప్పారు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ అమ్మ వైపు చూశారో లేదో నేను చెప్పలేను.

ఒక కుప్ప దగ్గర ఆగాం. అమ్మే ఆవిడ కన్నడంలో రేటు చెప్పి, అమ్మ మాట విని వెంటనే తెలుగులోకి దిగింది.

"యా ఊరు మీది?"

"కదిరి పక్క."

"అట్లయితే నేను మీకేం చెప్పేది అక్కా, మీరే నాకు చెప్పాల." ఆవిడది చింతామణి పక్క పల్లె. వాళ్ళ చేనివి ఎప్పుడో అయిపోయాయట. "ఇప్పుడు అమ్మేది మీ పక్క నుంచి వచ్చిన కాయే."

అంటే మా జిల్లా శెనక్కాయలు కొనడానికి మేం బెంగళూరు వచ్చాం. సేరు 60 రూపాయలు. ఆ సేరు పాత్రను గట్టిగా నింపినా 350 గ్రాములు దాటదు, కిలోకు ఎంత పడిందో మీరే చూసుకోండి. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263. కిలో 73 లోపే, అదీ చేతికొస్తే. నేను ఈ లెక్క పైకే చెప్పాను. ఆవిడ కాయలు కొలవడం ఆపింది.

"లారీ బాడుగ నువ్విస్తావా అన్నా? వచ్చిన కాడ్నించి ఈ రోడ్డు మీదే పండుకుంటాండా. నిన్న చినుకులు పడినాయి, పట్ట కప్పేలోపల అరమూట తడిసిపాయె. వచ్చినోళ్ళంతా తిని చూస్తారు. పదిమంది తిని చూస్తే ఒక సేరు పాయె. దాన్ని నీ లెక్కలో యాడ రాస్తావు?"

నేను నోరు మూసుకున్నాను. అమ్మ మూసుకోలేదు. మా ఇంటికొచ్చే వ్యాపారి రూపాయి తగ్గించమంటే తిట్టిపోసే మనిషి, ఇక్కడ సేరు 50కి ఇమ్మని కూర్చుంది. అత్త పక్కన చేరి కన్నడంలో అదే పాట అందుకున్నారు. ఒకరు ధర తగ్గించమంటే ఒకరు కొసరు వేయమంటారు, ఒకరు పొల్లుకాయలు ఏరి పక్కన పడేస్తే ఒకరు సంచి నోరు తెరిచి పట్టుకుంటారు. ముందే అనుకుని వచ్చారా అన్నంత పొందిక. పెళ్ళిలో వీళ్ళిద్దరూ ఒకే ఫొటోలో నిలబడ్డానికి ఒప్పుకోలేదు మరి. చివరికి 55 దగ్గర తెగింది, గుప్పెడు కొసరుతో. ఆంటీ బేరమే ఆడకుండా అందరికంటే ఎక్కువ కొన్నారు. అమ్మే ఆవిడ ఆంటీకి మాత్రం రెండు గుప్పెళ్ళు వేసింది.

కుప్ప ముందు గొంతుక్కూర్చుని కాయలు ఏరుతున్న అమ్మను చూస్తే మా చావడి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు కట్టె పీకి ఇంటికి తెస్తే వీధివీధంతా వచ్చి కాయలు విడిపించేవాళ్ళు. కూలి కాయల్లోనే ఇచ్చేవాళ్ళం. లాంతరు పెట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్ళు. సంబంధాలు కుదిరింది అక్కడే, తగువులు మొదలైందీ అక్కడే. పీర్ల పండగకు గుండం తవ్వేది ఎవరు, శ్రీరామనవమికి పానకం బెల్లం ఎవరు ఇస్తారు అని తేలిందీ అక్కడే. కాయలు రాల్చే మిషన్ వచ్చాక ఆ పని ఒక పూటలో అయిపోతుంది. మిషన్ రావడం తప్పని నేననను, ఆ నడుం నొప్పి అమ్మను అడిగితే చెబుతుంది. కానీ మా ఊళ్ళో శెనక్కాయ చుట్టూ ఇప్పుడు జనం చేరేది ఒక్క కాటా దగ్గరే. ఇంతమంది శెనక్కాయల కోసం బట్టలు మార్చుకుని, పిల్లల్ని చంకనేసుకుని రావడం నేను ఈ సిమెంటు ఊళ్ళో చూడాల్సి వచ్చింది.

గుడి దగ్గర వరస చాలా పొడుగు. ఒకే రాతిలో చెక్కిన దొడ్డ బసవన్న ఎత్తు 15 అడుగులు. ఆ వరసలో కథ చెప్పింది మా వెనకాల నిలబడ్డ ఒక పెద్దాయన. సుంకేనహళ్ళి, గుట్టహళ్ళి, మావళ్ళి రైతులు వేసిన శెనక్కాయ చేలను ఒక బసవన్న వచ్చి మేసేసేదట. తరిమితే ఇక్కడికొచ్చి రాయైపోయింది. తప్పు చేశామని మొదటి పంట నీకే ఇస్తామని మొక్కుకున్నారు, అదే పరిషె. రాయి అయ్యాక కూడా పెరుగుతూనే ఉంటే తలమీద మేకు కొట్టి ఆపారట. వృషభావతి నది పుట్టింది ఈ బసవన్న కాళ్ళ దగ్గరే అంటారు. ఆ నది ఇప్పుడు ఊరి మురుగు మోస్తోంది, దానికి ఎవరూ మేకు కొట్టడం లేదు. ఇంకో సంగతి. గుడి కెంపేగౌడ కట్టించాడంటారు, ఆయన బెంగళూరు కట్టింది 1537లో. శెనక్కాయేమో దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన తీరానికి చేరిన పంట. అంత త్వరగా సుంకేనహళ్ళి చేనుకెలా వచ్చిందని పెద్దాయన్ని అడగాలనిపించింది. ఆయన ఎంత ముచ్చటగా చెబుతున్నాడంటే అడగలేకపోయాను. బసవన్నకే అభ్యంతరం లేనప్పుడు నాకెందుకు?

దర్శనం అయ్యేసరికి బాగా చీకటి పడింది. చుక్క మాత్రం లేదు. ఆకాశమంతా మబ్బు, దాని కింద లైట్లు. అమ్మ బ్యూగుల్ రాక్ పార్కు గోడ పక్కన నిలబడి తలెత్తి చూస్తూనే ఉంది. బావ ఫోన్లో ఏదో యాప్ తెరిచి ఆకాశం వైపు పట్టుకున్నాడు. "అత్తమ్మా, అదిగో మబ్బు వెనకాల, శని కనపడుతున్నాడు."

"కార్తీక సోమవారం శనిని చూసి ఉపవాసం విడవమంటావా నాయనా?"

ఈసారి తర్జుమా చేయకుండానే అత్తకు అర్థమైంది. ఆవిడ పక్కున నవ్వారు, అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఇంటికి నడవండి, తులసి దగ్గర దీపం పెట్టాక మబ్బు ఉన్నా చుక్క ఉన్నట్టే, మా అత్తగారి నుంచీ ఇదే పద్ధతి అని తేల్చేశారు. అమ్మ ఎదురు చెప్పలేదు. అసలు మా నాయనమ్మ పద్ధతులకే ఎదురు చెప్పిన మనిషి.

ఇంట్లో అత్త అక్కి రొట్టె చేశారు. అమ్మ ఉపవాసం మనిషి కూర్చోకుండా, కొన్న కాయలు వలిచి, వేయించి, ఎండుమిరపకాయలు వేసి ఊరిబిండి నూరింది. ఆ రెండూ కలిపి తింటే ఎలా ఉంటుందో బెంగళూరు హోటళ్ళ వాళ్ళకు ఇంకా తెలియదు. తెలిసిన రోజు ప్లేటు 180 పెడతారు. ఆంటీ నాలుక కాలి నీళ్ళు తాగి, మళ్ళీ వేయించుకున్నారు. పెట్టుపోతల సంగతి ఎవరూ ఎత్తలేదు, తీరిందని చెప్పడానికీ లేదు.

భోజనాల దగ్గరే అమ్మ ఆంటీని భోగికి మా ఊరు రమ్మంది. ఆంటీకి లోహ్రీ ముందురోజు సాయంత్రం కదా అని అక్క గుర్తుచేస్తే, "అయితే ఏం, సాయంత్రం ఆమెది ముట్టిద్దాం, తెల్లారుజామున మనది. కట్టెల కుప్ప ఒకటే" అంది. అత్త ఎళ్ళు బెల్ల తెస్తారట. ఆంటీ అప్పటికప్పుడే కొడుక్కి ఫోన్ చేసి చెప్పేశారు, స్పీకర్లో పెట్టి మరీ.

ఆడవాళ్ళ మాటలు అలా ఉంటాయి, టికెట్లు చేయాల్సింది నేను. సంక్రాంతి ముందు బెంగళూరు నుంచి మన వైపు బస్సులో సీటు దొరకడం ఎలాంటిదో మీకు తెలుసు. ఆర్టీసీ రిజర్వేషన్ తెరవగానే దూరాలి, లేకపోతే ప్రైవేటు బస్సువాళ్ళు మామూలు రేటుకు రెండింతలు లాగుతారు. ఆంటీ కొడుకు కూడా వస్తాడని నిన్న అక్క ఫోన్. అతను స్లీపర్ అయితేనే వస్తాడట.